ఎవడి సెన్సో నీకెందుకురా?

మన విశాఖలో ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా ఏ గేమింగ్ సెంటర్లో చూసినా ఇదే తంతు. రెండు రౌండ్లు గురి తప్పగానే కుర్రాడు ఎస్కేప్ నొక్కి సెట్టింగ్స్‌లోకి దూరతాడు. యూట్యూబ్‌లో చూసిన ఎవరో ప్రో ప్లేయర్ మౌస్ సెన్సిటివిటీని (సెన్స్) అచ్చంగా దించేస్తాడు. మర్నాటికి ఇంకో ప్రో, ఇంకో అంకె. ఒరేయ్ తమ్ముడూ, వాడి బల్ల ఉందా నీ దగ్గర?

లెక్క చూడు. వాలరంట్ ఆటలో సెన్సిటివిటీ 1 దగ్గర మౌస్ పంపే ఒక్కో కౌంటుకి చూపు 0.07 డిగ్రీలు తిరుగుతుంది. 800 డీపీఐ (అంగుళానికి 800 కౌంట్లు), 0.4 సెన్స్ పెడితే ఒక పూర్తి చుట్టుకి మౌస్ సుమారు 41 సెంటీమీటర్లు జరగాలి. ప్రో ముందు బల్లంత ప్యాడ్ పరిచి ఉంటుంది, మోచేతితో లాగి కొడతాడు. నీకున్నది కీబోర్డు పక్కన జానెడు చోటు. అందులో మౌస్ వెడల్పు పోనూ మిగిలేదెంత? వెన్ను మీదికొచ్చినవాడి వైపు తిరగాలంటేనే 20 సెంటీమీటర్లు కావాలి. మౌస్ వెళ్లి కీబోర్డుకి కొట్టుకుంటుంది, నువ్వు చస్తావు. పైగా మన సముద్రపు ఉక్కపోతలో చెమ్మెక్కిన గుడ్డ ప్యాడ్ మీద మౌస్ జరగనని మొరాయిస్తుంది.

ఇక అమ్మేవాళ్ల సంగతి. పెట్టె మీద 25,600 డీపీఐ అని అచ్చేసి నీ జేబు ఖాళీ చేస్తారు. అదే 0.4 సెన్స్‌తో ఆ డీపీఐ పెట్టి చూడు, సెంటీమీటరున్నర జరిగేలోపే చుట్టు తిరిగొస్తావు. ప్రోల్లో ఎక్కువమంది ఆడేది 400, 800, 1600 దగ్గరే!

సెంటర్ యజమానులూ తక్కువ తినలేదు. విండోస్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రిసిషన్ టిక్కు తీసే ఓపికుండదు. అదుంటే మెల్లగా జరిపినప్పుడు ఒకలా, విసిరినప్పుడు ఇంకోలా కర్సర్ పరిగెడుతుంది. విండోస్‌ని దాటేసి మౌస్ నుంచి నేరుగా రా ఇన్‌పుట్ తీసుకునే ఆటల దగ్గర దాని పప్పులుడకవు గానీ, పాత కౌంటర్ స్ట్రైక్ 1.6లో గురిని గంగలో కలిపేది అదే.

పోర్టులో క్రేన్ ఆపరేటర్ పూటకోసారి లీవరు బిగువు మార్చుకుంటూ కూర్చుంటే ఒక్క కంటైనరైనా ఓడ దిగేదా? స్కేలు తీసుకుని నీ చోటు కొలువు. ఈ అంచు నుంచి ఆ అంచుకి జరిపితే సరిగ్గా వెనక్కి తిరిగేలా సెన్స్ పెట్టుకో. నెల్లాళ్లు దాన్ని ముట్టుకోకు. అప్పటికీ తలకి తగలట్లేదా? సెట్టింగ్స్ మూసి ప్రాక్టీస్ రేంజ్‌లోకెళ్లి కాల్చు. చెయ్యి తిరగనివాడికి ఏ అంకే అక్కరకి రాదు.