నీచు ఎవరికి?

మసాలా దినుసులు, కలప, సముద్రం కలగలిపిన ఖరీదైన సెంట్లు వస్తున్నాయి. ఒకరికి మత్తు, ఇంకొకరికి తలనొప్పి. దాన్ని అభిరుచి భేదం అంటాం. నిజానికి ఆ సీసాల్లో సముద్రమేమీ ఉండదు. 1966లో ఫైజర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు కనిపెట్టిన కాలోన్ లాంటి పదార్థాలే ఆ వాసనను పుట్టిస్తాయి.

ఒంటికి నిజంగా సముద్రం అంటిన స్త్రీలు మన అంతర్వేదిలో ఉన్నారు. ఎండునెత్తళ్ల గంపతో ఆమె రాజోలు బస్సెక్కితే పక్కసీటు ఖాళీ అవుతుంది. ఇక్కడ అభిరుచి భేదం లేదు, 'నీచు' ఉంది. ఆ మాటలో నీచం వినబడటం లేదూ? కులం ముక్కుతోనూ పలుకుతుంది.

మరి పులస? వరదనీటికి సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే ఆ చేప వేలరూపాయలు పలికేసరికి నీచు కాస్తా ఘుమఘుమ అయిపోతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలట! (అమ్మేది ఎవరి పుస్తెలో, పొలుసు తీసి పులుసు పెట్టేదెవరో సామెత చెప్పదు.)

రాసేవాళ్లం మనమూ తక్కువ తినలేదు. మన కథల్లో పూలమ్మే ఆవిడ పరిమళంతో వస్తుంది. చేపలమ్మే మనిషికంటే ముందు ఆమె వాసన గుమ్మం దాటుతుంది. ఆమె పేరు చాలా కథల్లో చివరిదాకా రాదు.