కథల జాబితా అందరి చేతికీ రావాలి

నందిగాంలో బస్సెక్కితే ఒక పూటలో శ్రీకాకుళం కథానిలయానికి వెళ్లి రావచ్చు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న తెరిచిన ఆ తెలుగు కథల గ్రంథాలయం ఇప్పుడు వెబ్‌సైట్‌లోనూ ఉంది. రచయిత పేరు కొడితే కథల పేర్లు, అవి అచ్చయిన పత్రికలు వరసగా వస్తాయి. ఎన్నో కథలకు పత్రిక పుటల స్కాన్లూ ఉన్నాయి. తెలుగు కథకు ఇంతకంటే పెద్ద సేవ మరొకటి మాకు కనిపించదు.

కానీ మన ఉద్దానం ప్రాంతపు జీడితోటల మీద ఎవరెవరు, ఎప్పుడు, ఏ పత్రికలో రాశారో తేల్చాలనుకునే విద్యార్థికి ఒక్కో పేరూ వెతుక్కోవడం చాలదు. మొత్తం జాబితా చేతికి రావాలి. అలా ఇవ్వడం మీట నొక్కినంత తేలిక కాదు.

మొదటి చిక్కు పేర్లది. రాచకొండ విశ్వనాథశాస్త్రి, రావిశాస్త్రి మనకు ఒకరే, యంత్రానికి ఇద్దరు. ఒక పాత పత్రికలో 'కె. రామారావు' అని ఉంటే ఆయన మన మాస్టారో, ఇంకొకరో ఆ సంచిక తిరగేసి, ఆ కాలం తెలిసినవాళ్లను అడిగితే తప్ప తేలదు. తేల్చకుండా బయటికిస్తే ఆ తప్పు పదిచోట్లకు పాకి స్థిరపడిపోతుంది. ఈ పని ప్రోగ్రాములకు వదిలేసేది కాదు, కథలు చదివినవాళ్లు కూర్చుని చేయాల్సింది.

రెండోది హక్కులు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు కనుక 'దిద్దుబాటు' అందరిదీ. కథకుడు చాసో 1994లో పోయారు, ఆయన కథల మీద హక్కు 2054 చివరిదాకా ఉంటుంది. చదువుకోనివ్వడం వేరు, కథలన్నీ మూటగట్టి ఇచ్చేయడం వేరు. అయితే కథ పేరు, రచయిత పేరు, అచ్చయిన నెల ఎవరి సొత్తూ కావు. ఆ వివరాలు పోగుచేసిన శ్రమ మాత్రం కథానిలయానిది. వాడుకున్న ప్రతివారూ ఆ పేరు చెప్పి తీరాలి.

ఇక సర్వర్ భారం. 2024 జనవరి నుంచి తమ బొమ్మలు, వీడియోల డౌన్‌లోడ్ 50 శాతం పెరిగిందని, అది ప్రధానంగా సమాచారాన్ని గుంజుకునే ప్రోగ్రాముల వల్లేనని వికీమీడియా ఫౌండేషన్ 2025లో చెప్పింది. అంత పెద్ద సంస్థకే బరువైనది చిన్న గ్రంథాలయానికి ఎంత! వికీపీడియాలాగే జాబితా మొత్తాన్ని అప్పుడప్పుడూ ఒకే ఫైలుగా పెట్టేస్తే చాలావరకు ఆ తాకిడి తగ్గుతుంది.

ఇన్ని చిక్కులున్నా జాబితాను అందరికీ తెరవాల్సిందేనని మా అభిప్రాయం. లక్షల పుస్తకాలు స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ హక్కుల గొడవల్లో మూతపడింది. అందులోని తెలుగు పుస్తకాలు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయంటే, ఎవరో నకళ్లు తీసి అక్కడ పెట్టబట్టే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటితే ఏళ్లనాటి కొబ్బరి, జీడితోటలు ఏమయ్యాయో చూసినవాళ్లం. ఉన్నదంతా ఒక్కచోటే ఉంచితే ఏమవుతుందో ఉద్దానానికి వేరే చెప్పక్కర్లేదు.

పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతాల రచయితల కుటుంబాలకు మా మనవి ఒక్కటే. మీ పెద్దల కథలు స్వేచ్ఛగా అందించడానికి ఒప్పుకుంటూ కథానిలయానికి ఒక ఉత్తరం రాయండి. వారి కలంపేర్లు, వారు రాసిన పత్రికల పేర్లు కూడా అందులో చేర్చండి.