క్వాంటం కోర్సుకు ఫీజు కట్టేముందు హిసాబ్ చెప్పే ఉస్తాద్‌ని వెతకండి

మొన్న జుమ్మా నమాజ్ నుంచి వచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నానో లేదో, రాయచోటి నుంచి మా చెల్లెలి ఫోన్. "భాయ్‌జాన్, అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తోందంట గదా. ఇక్కడ కోచింగ్ సెంటర్లో ఆరు నెలల క్వాంటం కోర్సు పెట్టినారు. నలభై వేలు. కువైట్ నుంచి ఆయన పంపిన పైసలు ఉన్నాయి, కట్టేయనా?" అంది. మేనల్లుడు ఇంటర్ ఎంపీసీ. పదో తరగతి దాకా వాడు చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో లెక్కల పోస్టు ఖాళీ. ఆఖరి ఏడాది సగం రోజులు వేరే సబ్జెక్టు సారే లెక్కలు నెట్టుకొచ్చినాడు.

"నక్కో, కొంచెం ఆగు" అన్నా. ఎందుకో ఫోన్లో చెప్పే సబర్ నాకు లేదు, వినే ఫుర్సత్ ఆమెకు లేదు. ఇలాంటి ఫోన్లు ఇంకా చాలా ఇళ్లలో మోగుతున్నాయి కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ మెషీన్ సంగతి. మన ఫోన్లో ఉండే బిట్ సున్నా అయినా అవుతుంది, ఒకటి అయినా అవుతుంది. క్యూబిట్ అట్లా కాదు. కొలిచేదాకా రెండింటి కలయికగా ఉండగలదు. అన్ని జవాబులూ ఒకేసారి వెతికి ఇచ్చేస్తుందని టీవీల్లో చెప్పేది సగం నిజమే. కొలిస్తే చేతికి వచ్చేది ఒక్క జవాబే. కేసీ కెనాల్లో నీళ్లున్న రోజుల్లో రెండు రాళ్లు వేసి చూడండి. అలలు ఒకచోట కలిసి పెద్దవవుతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. క్వాంటం ప్రోగ్రాం రాసేవాళ్ల హునర్ అంతా అందులోనే ఉంది. తప్పు జవాబులు చెరిగిపోవాలి, సరైనది మిగలాలి. ఇది కొన్ని రకాల లెక్కలకే కుదురుతుంది. బ్యాంకు పాస్‌బుక్కు కూడడానికి ఈ మెషీన్ దండగ.

ఐబీఎం, గూగుల్ వాడే క్యూబిట్లు సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్లు. వాటిని సున్నాకు 273 డిగ్రీల కింద, ఇంతకన్నా చల్లబడడం సాధ్యంకాని హద్దుకు ఒక డిగ్రీలో నూరోవంతు, రెండు వంతుల దూరంలో ఉంచాలి. మే నెలలో కర్నూల్లో కూలర్ ముందు కూర్చుని ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తుంది. చేతికి అందేంత సర్క్యూట్ కూడా క్వాంటం నియమాల ప్రకారం నడుస్తుందని 1980లలో చూపించినందుకే జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌లకు 2025లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు.

అంత చలిలో పెట్టినా క్యూబిట్ నాజూకు తగ్గదు. కాస్త వేడి, కాస్త అలికిడి తగిలితే లెక్క చెడిపోతుంది. చాలా క్యూబిట్లను జమాత్‌గా కూర్చి, ఒకటి తప్పితే మిగతావి పట్టుకునేలా చేయాలి. ముప్పై ఏళ్లుగా అసలు మేహనత్ దీనిమీదే. 2024 డిసెంబర్‌లో గూగుల్ తన 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద, జమాత్ పెద్దదయ్యేకొద్దీ తప్పులు తగ్గుతున్నాయని చూపించింది. ఇది నిజమైన ముందడుగు. అయినా మంజిల్ ఇంకా దూరమే.

ఎంత దూరమంటే, 1994లో పీటర్ షోర్ ఒక అల్గారిథం రాశాడు. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే ఆ పద్ధతితో బ్యాంకుల తాళాల్లో ముఖ్యమైన రకం విప్పేయొచ్చు. ఆ తాళానికి 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ మరొకరితో కలిసి లెక్కగట్టాడు. 2025 మేలో అదే గిడ్నీ 10 లక్షల లోపే చాలన్నాడు. అదే మే నెలలో ఐబీఎం, టీసీఎస్‌లు మన రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అమరావతిలో పెడతామన్న మెషీన్‌లో ఉండేవి 156. దూరం ఎంతో లెక్కల సార్ లేకపోయినా తెలుస్తుంది. కానీ ఆరేళ్లలో 2 కోట్లు 10 లక్షలకు దిగిన సంగతి మరిచిపోకూడదు. కువైట్ నుంచి ఇంటికొచ్చే ప్రతి పైసా ఆ తాళాల నీడలోనే ప్రయాణిస్తుంది. ఈరోజు డేటా దొంగిలించి దాచుకుని రేపు విప్పుకునేవాళ్లు ఉంటారని, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులోనే కొత్త తాళాలకు మూడు ప్రమాణాలు ప్రకటించింది.

ఇక వాట్సాప్ గురించి ఒక మాట, బురా అనుకోకండి. క్వాంటం అంతా మన కితాబులో ముందే ఉందని రోజూ ఫార్వర్డ్‌లు వస్తున్నాయి. కితాబ్ ఇజ్జత్‌కు ఫిజిక్స్ సర్టిఫికెట్ అవసరం లేదు. అల్గారిథం అనే మాటే అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టింది. రహస్య లిపిలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి దాన్ని విప్పే పద్ధతి తొమ్మిదో శతాబ్దంలో అల్ కిందీ రాశాడు. వాళ్లు ఫార్వర్డ్ చేయలేదు, కూర్చుని హిసాబ్ చేశారు.

"మళ్లీ అమరావతికేనా?" అని కర్నూలు దోస్తులు అడుగుతున్నారు. 1953 నుంచి మూడేళ్లు రాజధానిగా ఉండి ఖాళీ అయిన ఊరు మాది, ఆ మంట నాకూ ఉంది. కానీ ఈ విషయంలో కొట్లాట అక్కడ కాదు. ఈ మెషీన్ పక్కన ఎవరూ కూర్చోరు, నెట్ మీదే పని పంపుతారు. ఐబీఎం ఇప్పటికే తన మెషీన్ల మీద నెలకు పది నిమిషాలు ముఫ్త్‌గా ఇస్తోంది. ప్రోగ్రాం రాసే క్విస్కిట్ కూడా ముఫ్తే. రాయచోటి పిల్ల అయినా, జగన్నాథగట్టు మీది ట్రిపుల్ ఐటీ విద్యార్థి అయినా రాత్రికి రాత్రే మొదలుపెట్టొచ్చు. లేనిది మాత్రికలు, కాంప్లెక్స్ నంబర్లు, ప్రాబబిలిటీ అర్థమయ్యేలా చెప్పే ఉస్తాద్. మనం హక్‌గా అడగాల్సింది అదీ, అమరావతి మెషీన్ సమయంలో సీమ కాలేజీలకు హిస్సా.

జుబాన్ అడ్డం అనకండి. 1918లో హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలో పాఠాలు చెప్పడానికే పుట్టింది. ముందు ఏడాదే దారుల్ తర్జుమా పెట్టి సైన్సు పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. క్వాంటం మెకానిక్స్ పుట్టిన కొత్తల్లో హైదరాబాద్ కుర్రాడు రజీవుద్దీన్ సిద్దిఖీ లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర చదివి వచ్చి ఆ ఉస్మానియాలోనే లెక్కలు చెప్పాడు. ఇప్పుడు కర్నూల్లో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరుమీద ఉర్దూ యూనివర్సిటీ ఉంది. క్వాంటం మాటలకు ఉర్దూ, తెలుగు పదకోశం, పక్కన ఇంటర్ పిల్లలకు సెలవుల్లో ఒక క్లాసు అక్కడి నుంచి రావాలి. పెద్ద బిల్డింగ్ అవసరం లేని పని ఇది.

చెల్లెలికి రాత్రి ఫోన్ చేశా. వాళ్ల మొహల్లాలో రిటైరైన లెక్కల సార్ ఒకాయన ఉన్నాడని, ఫీజు అడిగితే సిగ్గుపడే రకమని చెప్పింది. కోచింగ్ సెంటర్ వాళ్లు మాత్రం "డిస్కౌంట్ సోమవారం దాకానే" అని రెండుసార్లు మెసేజ్ పెట్టినారంట. ఆమె ఇంకా తేల్చుకోలేదు. ఫోన్ మేనల్లుడికి ఇవ్వమని, మాత్రికలు ఎందాకా అర్థమయ్యాయో అడిగా. "మామూ, గుణించడం వస్తుంది, ఎందుకు అట్లా గుణిస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు" అన్నాడు.