చలిదేశపు లెక్క మన నీళ్లకు చెల్లదు

బొమ్మపురుగును ఎరగా విసిరి చేపను పట్టే ఫ్లై ఫిషింగ్ నేర్చుకుందామని ముచ్చటపడే తెలుగు కుర్రాడికి నాలుగు దిక్కుల నుంచీ ఒకే సలహా వస్తుంది. మంచినీటికి ఒక సెట్టు, ఉప్పునీటికి ఇంకో సెట్టు కొనాలట. చెరువులకూ ఏళ్లకూ 5వ నంబరు రాడ్డు, సముద్రానికి 8వ నంబరు రాడ్డు. రెండూ పేరున్న కంపెనీవే తీసుకోవాలి, చవకది కొంటే డబ్బు మట్టిలో పోసినట్టే. సామాను అమ్మేవాళ్లు ఈ మాటే అంటున్నారు, వీడియోలు తీసేవాళ్లూ అంటున్నారు, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన బంధువులూ అంటున్నారు. ఇంతమంది అంటున్నారు కాబట్టి నిజమేనని అందరూ నమ్ముతున్నారు. ఈ సలహా మన నేలకు సరిపోదు. దీనివల్ల మన పిల్లల డబ్బు వృథా అవుతోంది, అంతకంటే ఎక్కువమంది ఈ ఆట దరిదాపులకే రాకుండా ఆగిపోతున్నారు.

నేను ఈ మాట పత్తికొండ నుంచి రాస్తున్నాను. పత్తికొండ అంటే బయటివాళ్లకు కరవు, వలసలు, ధర పడిపోయి రోడ్డు పక్కన పారబోసిన టమాటాలు గుర్తొస్తాయి. గాలం గుర్తురాదు. కానీ శ్రీశైలం వెనక జలాల్ని మల్యాల దగ్గర ఎత్తిపోసే హంద్రీ-నీవా కాలువలో 2012లో నీళ్లు పారాయి. కృష్ణగిరి, పత్తికొండ, జీడిపల్లి రిజర్వాయర్లు ఆ కాలువ మీదివే. గోనెగండ్ల వైపు హంద్రి మీద గాజులదిన్నె ప్రాజెక్టు అంతకు ముందు నుంచే ఉంది. నీళ్లున్న చోట చేపలుంటాయి, చేపలున్న చోటికి గాలం పట్టుకుని కుర్రవాళ్లు వస్తారు. వాళ్లలో చాలామంది రైతుబిడ్డలు. ఒక పంట ధర తప్పితే ఏడాదంతా అప్పులతో నెట్టుకొచ్చే ఇళ్ల పిల్లలు. వాళ్లను రెండు సెట్లు కొనమనడం అన్యాయం. పైగా ఆ రెండు సెట్లూ ఇక్కడ అవసరం లేదు.

అసలు ఈ 5, 8 లెక్క ఎక్కడిదో చూద్దాం. ఫ్లై ఫిషింగ్ లైన్లకు అమెరికా గాలపు సామాను తయారీదారుల సంఘం ఒక కొలత పెట్టింది. 1960ల నుంచి ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. లైను కొసన మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగితే అది 5వ నంబరు, 210 గ్రెయిన్లు తూగితే 8వ నంబరు. మన లెక్కలో ఒకటి 9 గ్రాములు, రెండోది 13 గ్రాముల పైచిలుకు. ఏ రాడ్డు ఏ బరువు లైనును మోయగలదో దాని మీద రాసి ఉంటుంది. ఇంతవరకూ తగాదా లేదు. కానీ మంచినీళ్లంటే 5వ నంబరు అన్న మాట ట్రౌట్ చేప కోసం పుట్టింది. ట్రౌట్ చల్లటి కొండవాగుల చేప. ఆ వాగులకు ఇరువైపులా చెట్లు గాలిని ఆపుతాయి. కొక్కేనికి కట్టే బొమ్మపురుగు, అంటే ఫ్లై, దోమంత ఉంటుంది. చేప కిలో తూగితే పెద్దదే. ఆ చేప మీద మక్కువతోనే ఇంగ్లీషువాళ్లు 1900 ప్రాంతంలో దాన్ని కాశ్మీరుకు తెచ్చారు, తర్వాత కొన్నేళ్లకే నీలగిరి కొండల్లోనూ పెంచారు. దాన్ని మైదానాల చెరువుల్లోకి తేలేదు, తెచ్చినా మన వేడికి బతికేది కాదు.

మన నీళ్ల తీరు వేరు. రిజర్వాయరు కట్ట మీద నిలబడితే కనుచూపు మేర చెట్టు ఉండదు. ఆషాఢంలో గాలి మనిషినే నెట్టేస్తుంది. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఫ్లైకి దొరికే పెద్ద చేప కొర్రమీను. అది నాచులోనూ తుంగలోనూ నక్కి ఉండి కప్పల మీదా చిన్న చేపల మీదా దూకుతుంది. దాని నోటికి తగిన ఫ్లై వేలెడంత పొడవుంటుంది, తడిస్తే ఇంకా బరువెక్కుతుంది. అంత ఫ్లైని ఆ గాలిలోకి 5వ నంబరు లైను మోయలేదు. మోసినా, కొర్రమీను నాచులోకి దూరితే ఆ పలుచని రాడ్డుతో దాన్ని బయటికి లాగలేరు.

ఇప్పుడు నెల్లూరు వైపో, బాపట్ల వైపో సముద్రపు ఒడ్డును తలుచుకోండి. అక్కడా ఎదురుగాలే, ఎండే, వేలెడంత ఫ్లైయే, బలమైన చేపే. నీటి రుచి తప్ప తతిమ్మా అన్నిటిలో మా రిజర్వాయరు కొండవాగుకంటే సముద్రపు ఒడ్డుకే దగ్గర. కాబట్టి రాయలసీమవాడికి కావలసింది 9 అడుగుల 8వ నంబరు రాడ్డు ఒక్కటే. గాజులదిన్నెకూ అదే, కడలి ఒడ్డుకూ అదే. టెక్సాస్ తీరంలో రెడ్ ఫిష్ పట్టే మనవాళ్లను అడిగినా తమ చేతిలో ఉన్నది 8వ నంబరేనని చెబుతారు.

ఇక్కడి నీళ్లకు వేరే లెక్క కావాలన్న ఆలోచన నాతో మొదలైంది కాదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అచ్చు వేయించాడు. అది చాలక, 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని చెరువుల్లో గాలం వేయడం గురించే ఇంకో పుస్తకం రాశాడు. ట్రౌట్ దేశంలో పుట్టినవాడికే మన చెరువులకు వేరే పుస్తకం కావాలనిపించింది. నూట ముప్పై ఏళ్లు దాటిన తర్వాత కూడా మనం మన చెరువు ముందు నిలబడి ట్రౌట్ వాగు లెక్కే వల్లిస్తున్నాం.

ఉప్పునీరు, మంచినీరు అన్న గోడను చేపలే పట్టించుకోవు. పండుగప్పను చూడండి. అది సముద్రంలో పుడుతుంది, మొగల్లోనూ ఉప్పుటేరుల్లోనూ తిరుగుతుంది, నదిలోకి ఎదురీదుతుంది, మంచినీటి చెరువులో వేసినా పెరుగుతుంది. ఒకే చేపకు నీటి రుచిని బట్టి రెండు రాడ్లు ఎందుకు? ఫ్లైల సంగతీ అంతే. ఈనాడు ప్రపంచమంతా ఉప్పునీటిలో వాడే ‘క్లౌజర్ మిన్నో’ను బాబ్ క్లౌజర్ 1980ల్లో పెన్సిల్వేనియాలోని సస్క్వెహన్నా నదిలో బాస్ చేపల కోసం కట్టాడు. ఏటిలో పుట్టిన ఫ్లై అలా సముద్రానికి పెద్ద దిక్కైంది.

దీనికి అవతలివాళ్లు ఒక మాట అంటారు. చిన్న చేపల సంగతేమిటి, 8వ నంబరు రాడ్డు మీద అరచేయంత జిలేబి చేప పడితే పడినట్టే తెలియదు కదా అని. న్యాయమైన మాటే. అయితే అందుకు ఇంకో సెట్టు కొననక్కర్లేదు. జపాన్ కొండవాగుల్లో తరతరాలుగా ‘టెంకారా’ అనే పద్ధతి ఉంది. పొడవాటి కర్ర, దాని కొసకు కట్టిన దారం, దారం చివర ఈకల ఫ్లై. రీలు ఉండదు. 2009 నుంచి అమెరికాలో దీన్ని కొత్త మోజుగా అమ్ముతున్నారు. మన తాతలు వంకల్లో వేసిన వెదురు గాలానికీ దీనికీ తేడా ఎర దగ్గరే. బెండూ సీసమూ తీసేసి, ఎర్రకు బదులు చిన్న ఈకల ఫ్లై కట్టండి. పరిగెలకూ జిలేబిలకూ అంతకన్నా హాయైన సామాను లేదు. బొచ్చె, రాగండి మాత్రం ఫ్లైకి నమ్మకంగా వచ్చే చేపలు కావు. నీటిలోని సన్నటి నలుసుల్నీ నాచునూ తినే వాటికి తవుడు ముద్దే సరి. ఫ్లైతో ఏ చేపనైనా పట్టవచ్చని అమ్మకం కోసం చెప్పే మాటలు నమ్మవద్దు.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. మామూలు గాలంలో సీసం గుండు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఫ్లైకి అంత బరువుండదు, లైను బరువే దాన్ని మోసుకుపోతుంది. ఎద్దుల బండి తోలినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. చెర్నాకోల ఝళిపిస్తే చప్పుడు తోలు కొసన పుడుతుంది, చేతిలోని కర్ర దాన్ని కదిలిస్తుందంతే. అందుకే సామాను మొత్తంలో బాగా చూసి కొనాల్సింది లైను. పేరున్న కంపెనీల రాడ్లు కొన్ని 1000 డాలర్ల పైనే పలుకుతున్నాయి. ఆ రాడ్డుకు సరిపడని లైను ఎక్కిస్తే అది కర్రముక్కతో సమానం. చవక రాడ్డుకు సరైన లైను ఎక్కిస్తే చేప దాకా చేరుతుంది.

సరైన లైను అంటే ఖరీదైనదని కాదు, మన ఎండను తట్టుకునేదని. ట్రౌట్ కోసం చేసిన లైను పైపూత చలిలో మెత్తగా ఉండేలా కలిపి ఉంటుంది. మన వేసవిలో ఆ పూత ఇంకా మెత్తబడి జిగురెక్కుతుంది. రాడ్డు ఉంగరాల మధ్య వేలాడుతుంది, చేతికి అంటుకుంటుంది, విసిరితే సగం దూరంలోనే కూలబడుతుంది. కొత్తవాడు తన చేతిలో పనితనం లేదనుకుని నిరాశపడి గాలం మూలన పడేస్తాడు. డబ్బా మీద ‘ట్రాపికల్’ అని రాసి ఉన్న లైనులో లోపలి దారం గట్టిగా ఉంటుంది, పూత ఎండకు కరగదు. సముద్రానికి అమ్మే లైన్లలో చాలావరకు ఈ రకమే. మంచినీటికి అని రాసిన అరలో వెతికితే సీమవాడికి పనికొచ్చే లైను దొరకడం కష్టం. రెండు సెట్ల సలహా చేసే అసలు నష్టం ఇది. డబ్బు ఎక్కువ ఖర్చు చేయించడమే కాక, పనికిరాని సామాను అంటగడుతుంది.

లైనుకూ ఫ్లైకీ మధ్య ఉండే లీడర్‌ను ప్యాకెట్లలో కొనక్కర్లేదు. వలల దుకాణంలో దొరికే నైలాన్ దారం మూడు మందాల్లో తీసుకోండి. లైను వైపు అర మిల్లీమీటరు, తర్వాత 0.40, కొసన 0.33. మూడూ ముడివేస్తే 8వ నంబరుకు చక్కటి లీడర్.

ఖరీదైన రీలే కావాలన్న అవతలివాళ్ల మాటలో కొంత నిజముంది. పడవ మీద లోపలికి పోయి పార చేపలకో వంజరానికో గాలం వేసేవాడికి గట్టి బ్రేకు కావాలి. అవి ఒక్క పరుగులో వంద గజాలు లాగేస్తే చవక రీలు బ్రేకు వేడెక్కి చేతులెత్తేస్తుంది. అయితే ఒడ్డున నిలబడి వేసే మనబోటి వాళ్లకు అంతటి అవసరం అరుదు. కొర్రమీను పరిగెత్తదు, దాన్ని లైను చేత్తో పట్టుకునే లాగుతాం. అందుకని మామూలు అల్యూమినియం రీలు చాలు. దాన్ని చెడగొట్టేది చేప కంటే ఉప్పు. ఒడ్డు నుంచి వచ్చిన రాత్రే రీలు విప్పి, చుట్టను బయటికి తీసి, మంచినీళ్లలో ముంచి కడగాలి. ఇరుసు దగ్గర ఇసుక రేణువులు తుడవాలి. బ్రేకు వదులు చేసి నీడన ఆరబెట్టాలి, ఆరాక ఇరుసుకు చుక్క నూనె వేయాలి. లైను కూడా గుడ్డతో తుడవాలి. ఈ పని చేసేవాడి చవక రీలు ఏళ్ల తరబడి నిలుస్తుంది, చేయనివాడి ఖరీదైన రీలూ తెల్లగా పూచి బిగుసుకుపోతుంది.

చవకది నిలవదన్న వాదానికి జవాబు చేతిలోనే ఉంది. పరీక్షించి కొనండి. రాడ్డు ముక్కలు బిగించి మెల్లగా ఊపితే అతుకుల దగ్గర టక్కుమన్న శబ్దం రాకూడదు. ప్రతి ఉంగరంలోంచి కాస్త దూదిని లాగి చూడండి. ఒక్క పోగు తట్టుకున్నా అక్కడ పగులుందని లెక్క, ఆ పగులే రేపు లైనును కోస్తుంది. రీలు బిగించే చోట మరలు వదులుగా ఉన్నాయేమో చూడండి. ఈ మూడు పరీక్షల్లో నెగ్గిన రాడ్డు మీద ఎవరి పేరు ఉంటే ఏం?

ఫ్లైల దగ్గరైతే మన సీమకే కలిసొచ్చే సంగతి ఉంది. పాశ్చాత్య దేశాల్లో ఫ్లైలు కట్టేవాళ్లు కొన్ని దశాబ్దాల పాటు మన దేశపు కోడిపుంజుల మెడ ఈకల్నే తెప్పించుకుని వాడారు. ఆ ఈకలు మన పెరట్లో రాలుతున్నాయి. వాళ్లు జింక వెంట్రుకలు వాడే చోట మనకు మేక వెంట్రుకలు ఉన్నాయి. మేకలకు మా తాలూకాలో కొదవా? జింక వెంట్రుకల జోలికి మనం పోకూడదు, అది నేరం. కొక్కేలు మాత్రం చూసి కొనండి. కంచురంగు కొక్కెం ఉప్పునీటికి ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. తగరం పూసినవో, స్టెయిన్‌లెస్ స్టీలువో కొంటే రెండు నీళ్లకూ పనికొస్తాయి. కొర్రమీను కోసం కొక్కెం మొన ముందు గట్టి నైలాన్ ముక్క వంచి కడితే నాచు తగులుకోదు.

సామాను తగ్గించుకోమన్నంత మాత్రాన బాధ్యత తగ్గించుకోమని కాదు. మన చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపపిల్లలు వేసి, వాటి మీదే బతికే మత్స్యకారుల సహకార సంఘాలున్నాయి. వాళ్ల అనుమతి లేకుండా గాలం వేయడం ఇంకొకరి చేలో కంకులు కోసుకోవడమే. శ్రీశైలం అడవి పరిధిలోని నీళ్లు పులుల అభయారణ్యానివి, అక్కడికి గాలంతో వెళ్లకూడదు. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద ముసురుతుంటే కింద కొర్రమీను జంట కాపలా ఉంటుంది. ఆ జంట మీద ఫ్లై వేస్తే పిల్లలన్నీ ఇతర చేపల నోట పడతాయి. వాలుగ ప్రపంచంలోనే తగ్గిపోతున్న చేపల జాబితాకెక్కింది, పడితే వదిలేయండి. వేల రూపాయల రాడ్డు చేతిలో ఉన్నా ఇవి తెలియనివాడు గాలం పట్టడానికి అర్హుడు కాడు.

ఖర్చు చేస్తేనే ఆట వస్తుందన్న నమ్మకం వల్ల రెండు నష్టాలు జరిగాయి. డబ్బున్నవాడు సామాను కొని ఆట నేర్చుకోకుండా వదిలేశాడు. డబ్బు లేనివాడు ఇది తనకు కాదని వెనుదిరిగాడు. నీళ్లు ఇన్నాళ్లకు మన ఊరిదాకా వచ్చాయి. ఆ నీళ్లలో ఆడుకునే హక్కు రైతుబిడ్డకు ఉంది. 8వ నంబరు చవక రాడ్డు ఒకటి, ఎండకు ఆగే లైను ఒకటి, కడిగి దాచుకునే రీలు ఒకటి, గుప్పెడు మంచి కొక్కేలు. ఈ వరుసలో కాక లైను ముందు కొనండి, మిగిలిన డబ్బుకు రాడ్డు చూడండి. వేరుశనగ పీకేసిన చేలో, కొక్కేనికి బదులు ఊలు ముక్క కట్టుకుని విసరడం నేర్చుకోండి. రెండో సెట్టు కొనమని ఎవరైనా చెబితే, ఏ నీళ్ల కోసం, ఏ చేప కోసం, ఏ గాలిలో అని అడగండి. పత్తికొండ కట్ట మీద నిలబడి ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడి మాట మీద ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు.