జవాబు అడగకండి, ఎదురుగా కూర్చోబెట్టండి

పోయిన సెమిస్టర్‌లో బ్రాంచ్‌ల మధ్య జరిగిన చెస్ ఫైనల్లో మా సీఎస్‌ఈ టీమ్ అర పాయింట్ తేడాతో ఓడిపోయింది. కారణం నేనే. చివరికి బోర్డు మీద నాకు రాజు, మంత్రి మిగిలాయి. ఎదురుగా ఉన్న మెకానికల్ అన్నకి రాజు, ఏనుగు. (చెస్ మా తాతయ్య నేర్పాడు, అందుకే నాకు క్వీన్ ఎప్పటికీ మంత్రే, రూక్ ఏనుగే.) ఇందులో దాదాపు ఎప్పుడూ మంత్రి ఉన్నవాడే గెలవాలి. నేనేమో చెక్ మీద చెక్ చెప్తూ పోయా. ఏ పావూ చావకుండా, బంటు కదలకుండా ఇద్దరూ చెరో 50 ఎత్తులు వేస్తే డ్రా అడగొచ్చు. అన్న కాగితం మీద లెక్క పెట్టుకుంటూ కూర్చుని, 50 అవగానే డ్రా అడిగి చెయ్యి చాపాడు. పైగా "గెలిచే గేమ్ కదా తమ్ముడూ" అన్నాడు.

ఆ మాట వారం రోజులు చెవిలో మోగింది. మనం కోడింగ్ వాళ్లం కదా, బాధొస్తే ప్రోగ్రాం రాస్తాం. నేనూ అదే చేశా.

ఐడియా సింపుల్. నాలుగు పావులు, 64 గళ్లు. 64ని నాలుగుసార్లు గుణిస్తే 1,67,77,216. ఎత్తు ఎవరిదన్నది కూడా కలిపితే దానికి రెట్టింపు. ఒక్కో పొజిషన్‌కి ఒక్క బైట్ చొప్పున పెట్టినా 32 ఎంబీ, మన ఫోన్‌లో నాలుగైదు ఫొటోలంత. ముందు ఆటకట్టు అయిపోయిన పొజిషన్లన్నీ గుర్తు పెట్టాలి. అక్కడి నుంచి వెనక్కి నడవాలి. ఏ ఎత్తు వేస్తే ఇక్కడికి చేరతాం? గెలిచేవాడికి అలాంటి ఎత్తు ఒక్కటి దొరికినా చాలు. ఓడేవాడికి మాత్రం ఉన్న దారులన్నీ ఓటమికే పోవాలి. డేటా స్ట్రక్చర్స్‌లో చదివిన బీఎఫ్‌ఎస్సే, కాకపోతే చివరి నుంచి మొదటికి.

మొదట స్టేల్‌మేట్‌ని కూడా ఆటకట్టు కింద లెక్కేసి రెండు రాత్రులు పాడు చేసుకున్నా. సరిచేశాక చిన్నవాటితో టెస్ట్ చేశా. మంత్రి ఉంటే ఒంటరి రాజుని ఎక్కువలో ఎక్కువ 10 ఎత్తుల్లో, ఏనుగు ఉంటే 16 ఎత్తుల్లో కట్టేయొచ్చు. అందరికీ తెలిసిన లెక్కలే, నావీ సరిపోయాయి. తర్వాత అసలుది రన్ చేశా. మంత్రి గెలిచే పొజిషన్లలో అన్నిటికన్నా కష్టమైనది కూడా 35 ఎత్తుల్లో ఆటకట్టు! టెర్మినల్లో ఆ 35 చూసి రూమ్‌లో గట్టిగా అరిచా.

ఫైనల్ పొజిషన్ టైప్ చేశా. ఒక ఎత్తు, పక్కన ఒక అంకె వచ్చాయి. 27. అంటే 27 ఎత్తుల్లో నేను గెలవాల్సిన గేమ్ అది.

అసలు విషయం ఇక్కడి నుంచి. ఆ 27 ఎత్తులూ నోట్‌బుక్‌లో రాసుకుని, అదే పొజిషన్ పెట్టి రూమ్మేట్‌ని ఏనుగు వైపు కూర్చోబెట్టా. వాడు మూడో ఎత్తుకే నా నోట్‌బుక్‌లో లేనిది వేశాడు. అంతే, మళ్లీ చెక్ మీద చెక్. "ఏంట్రా, ప్రోగ్రాం రాశావుగా?" అని నవ్వాడు. ప్రోగ్రాం రాశా. ఆట రాలేదు. కోట్ల పొజిషన్లకి జవాబు నా ల్యాప్‌టాప్‌లో ఉంది, నా తలలో ఒక్కటీ లేదు.

ఇది నా ఒక్కడి గోల కాదని తర్వాత తెలిసింది. మనం ఓఎస్ ల్యాబ్‌లో చదివే యూనిక్స్‌ని డెన్నిస్ రిచీతో కలిసి తయారుచేసిన కెన్ థాంప్సన్, 1970ల్లోనే సరిగ్గా ఈ మంత్రి-ఏనుగు లెక్క కంప్యూటర్‌తో తేల్చాడు. అమెరికా చాంపియన్ అయిన గ్రాండ్‌మాస్టర్ వాల్టర్ బ్రౌన్, మంత్రి తనకిస్తే 50 ఎత్తుల్లో గెలుస్తానని పందెం కట్టాడు. 31 ఎత్తుల్లో ఏనుగుని కొట్టేయగలిగే పొజిషన్ అది. గెలవలేకపోయాడు. ఏనుగు రాజుని అంటిపెట్టుకుని ఉండాలని మనుషులు అనుకునేవారు. మెషీన్ మాత్రం దాన్ని దూరంగా తీసుకెళ్లేది, అయినా చిక్కేది కాదు. బ్రౌన్ ఇంటికెళ్లి కొన్ని వారాలు దాన్నే చదివి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఏనుగుని పట్టాడు, సరిగ్గా 50వ ఎత్తుకి.

ఈ కథలో మెషీన్ బ్రౌన్‌కి ఏమీ చెప్పలేదని గమనించండి. అది ఎదురుగా కూర్చుని ఆడింది, అంతే. నా పాయింట్ కూడా ఇదే. జవాబు తెలిసిన ప్రోగ్రాంని జవాబు అడగడం దాన్ని వాడే పద్ధతుల్లో అన్నిటికన్నా వేస్ట్ పద్ధతి. దానికి ఓడిపోయే వైపు ఇచ్చి, గెలవడం మనం నేర్చుకోవాలి.

నేనూ అలాగే మార్చా. ఇప్పుడు నా ప్రోగ్రాం ఎత్తు చెప్పదు, ఏనుగు వైపు ఆడుతుంది. బోర్డు బొమ్మ లేదు, బాణాలు లేవు. నల్ల స్క్రీన్ మీద ఒక్క లైన్. కాబట్టి పక్కన నిజం బోర్డు పెట్టుకుని పావులు చేత్తో కదపాల్సిందే. మొదటి రెండు వారాలు ఒక్కసారీ గెలవలేదు. మెల్లగా ఒకటి అర్థమైంది. చెక్ చెప్పడం కాదు, నా రాజుని దగ్గరికి నడిపించాలి. ఎదుటి రాజు, ఏనుగు విడిపోక తప్పని చోటికి నెట్టాలి. మూడో వారంలో 44 ఎత్తుల్లో గెలిచా. మెషీన్ లెక్కకి అది దరిద్రమైన ఆట. కానీ ఆ 44లో ప్రతి ఎత్తూ ఎందుకు వేశానో చెప్పగలను.

"ఇలా అన్నీ తేలిపోతే ఇక చెస్ ఎందుకు?" అని కొందరంటారు. 2018 నాటికి ఏడు పావుల వరకు ఉన్న ఎండ్‌గేమ్‌లన్నీ లెక్క తేలిపోయాయి, రాజుల్ని కలుపుకునే. అవి పెట్టుకోవడానికి టెరాబైట్లు కావాలి. ఆట మొదలయ్యేది 32 పావులతో. కాబట్టి ఆ భయం ఇప్పుడే అక్కర్లేదు. నా భయం వేరే. జవాబు చేతిలో ఉంటే వచ్చేసినట్టే అనుకుంటాం కదా, అదీ. ల్యాబ్ రికార్డులో కోడ్ మొత్తం కరెక్టే ఉంటుంది, ఏఐ ఇచ్చిందే కాబట్టి. వైవాలో "ఈ లైన్ ఎందుకు రాశావ్?" అనగానే నేలచూపులు. నేనూ చూశా, మీరూ చూసుంటారు. అదే ఏఐకి "నాకు చెప్పకు, నన్ను ప్రశ్నలడుగు" అని ఎంతమంది టైప్ చేశాం?

చివరగా ఒక పందెం. ఆదివారం సాయంత్రం మా హాస్టల్ రీడింగ్ రూమ్‌కి రండి. మంత్రి మీకు, ఏనుగు నా ప్రోగ్రాంకి. 50 ఎత్తుల్లో ఏనుగుని పడితే గేటు దగ్గర ప్లేటు మిర్చి బజ్జీ నా ఖర్చు. పట్టలేకపోతే బజ్జీ మీది, పాఠం ఫ్రీ. మెకానికల్ అన్నకి స్పెషల్ ఇన్విటేషన్. ఈసారి మంత్రి మీదే అన్నా, కాగితం మీద లెక్క నేను పెడతా.