గుంపు, నాయకుడు, విధేయత

జాంబీ కథలనిన ఉపాధ్యాయులకు రోత, విద్యార్థులకు ప్రాణము. చచ్చినవారు లేచి నడచుట, కనబడినవారిని కరచుట, కరువబడినవారు మరల అట్లే అగుట - ఇందులో సాహిత్యమేమున్నదని పెద్దలు ముఖము త్రిప్పుకొందురు. వారి రోతకు కారణము లేకపోలేదు. ఈ కథలలో నెత్తురు హెచ్చు, మాట తక్కువ. అయినను ఈ కథలను కన్నార్పక చూచు పిల్లవానిని పిలిచి, నీకు నచ్చినదేమని అడిగినచో వాడు శవములను గూర్చి చెప్పడు. మొదట వీడు నాయకుడు, తరువాత వాడయ్యెను. వాడు నమ్మదగినవాడు, వీడు మోసగాడు అని చెప్పును. శవములు కథకు సాకు మాత్రమే. ప్రభుత్వము లేదు, పోలీసు లేడు, బజారు లేదు, బడి లేదు, పదిమంది మిగిలిరి. ఆ పదిమందిలో ఎవని మాట వినవలెను, ఎంతవరకు వినవలెను, ఎప్పుడు మానవలెను అనునదియే అసలు కథ. ఇది రాజనీతియంత పాత ప్రశ్న. దీనిని తరగతి గదిలోనికి రానిచ్చుటకు సంకోచింప పనిలేదు.

జాంబీ యను ఊహ లోకమునకు తెలిసినది హైతీ దీవినుండి. ఫ్రెంచివారి యేలుబడిలో ఆఫ్రికానుండి పట్టి తెచ్చిన బానిసలు అక్కడి చెరకు తోటలలో ప్రాణములు విడిచిరి. 1791లో వారు తిరుగబడి, 1804లో స్వాతంత్ర్యము ప్రకటించుకొనిరి. ఆ జనుల నమ్మకములో జాంబీ మనుష్యులను తినునది కాదు. మంత్రగాడు చచ్చినవానిని లేపి, వాని బుద్ధిని తన వశము చేసికొని, పొలములో పని చేయించుకొనును. అది ఎదురు చెప్పదు, కూలి అడుగదు, పారిపోదు. బానిసకు చావొక్కటే విడుదల. చచ్చిన తరువాతను దొర పని తప్పకపోవుటకంటె వానికి భయంకరమైన ఊహ వేరొకటి ఉండునా? 1915 మొదలు 1934 వరకు అమెరికా సేనలు ఆ దేశమును ఆక్రమించియుండిన కాలములో ఈ నమ్మకము అమెరికాకు చేరెను. 1932లో వచ్చిన 'వైట్ జాంబీ' చిత్రములో చక్కెర మిల్లులో గానుగ త్రిప్పువారు జాంబీలే. కావున జాంబీ మొదట రాక్షసుడు కాడు, సంపూర్ణ విధేయుడు. ఈ సంగతి మరచినచో తరువాతి కథలలో విధేయతను గూర్చి జరుగు తగవు అర్థము కాదు.

ఆ తగవునకు ఒరవడి పెట్టినది 1968లో జార్జి రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అను చిత్రము. ఒక పొలములోని ఇంటిలో ఏడుగురు చిక్కుకొందురు. బెన్ అను నల్లజాతి యువకుడు తలుపులకు పలకలు కొట్టి, పై అంతస్తులోనే నిలిచి పోరాడవలెననును. కూపర్ అను గృహస్థు నేలమాళిగలోనికి దిగి తలుపు బిగించుకొనవలెననును. బెన్ ధీరుడు, చురుకైనవాడు. కూపర్ పిరికివాడు, కోపిష్ఠి. ప్రేక్షకుని మనస్సు బెన్ వైపే మొగ్గును. కాని చివర జరిగినదేమి? బెన్ పన్నిన ఉపాయములో ఇద్దరు కాలిపోయిరి, పలకలు నిలువలేదు, తాను కాదన్న నేలమాళిగలోనే దాగి బెన్ ఆ రాత్రి బ్రతికెను. తెల్లవారినపిదప వెదకవచ్చిన తుపాకివారు వానిని చూచి శవమని భ్రమించి కాల్చివేసిరి. నాయకుడనదగినవాని మాట తప్పైనది, తగనివాని మాట ఒప్పైనది. మంచివాడు చెప్పినదెల్ల మంచిది కాదనియు, చెడ్డవాని నోట వచ్చినంతమాత్రాన నిజము అబద్ధము కాదనియు ఇంత కఠినముగా చూపిన చిత్రములు అరుదు.

అమెరికాలో 2010 నుండి 2022 వరకు పదునొకండు భాగములుగా ప్రసారమైన 'ది వాకింగ్ డెడ్' ధారావాహిక ఈ ప్రశ్ననే చాల దీర్ఘముగా విచారించినది. రాబర్ట్ కిర్క్‌మన్ 2003లో మొదలుపెట్టిన బొమ్మల కథ దానికి మూలము. రిక్, షేన్ అను ఇద్దరు జార్జియా రాష్ట్రములో పోలీసు ఉద్యోగులు, ప్రాణమిత్రులు. (ఈ పేర్లు తెలుగు నోటికి ఇమిడినవి కావు గాని కథకై ఓర్చుకొనవలెను.) రిక్ తుపాకి దెబ్బ తిని ఆసుపత్రిలో స్పృహలేక పడియుండగా లోకము తలక్రిందులగును. షేన్ వాని భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని పోయి, అట్లాంటా నగరము వెలుపల ఒక గుంపును కాపాడుచుండును. అప్పుడు రిక్ బ్రతికి వచ్చును. ఎవరును ఎన్నిక జరుపరు, ఎవరును ప్రకటింపరు. గుంపు మెల్లగా షేన్ నుండి రిక్ వైపు తిరుగును. అధికారము చేతులు మారుట లోకములోను చాలవరకు ఇట్లే జరుగును. చిక్కు వచ్చినప్పుడు జనుల కన్నులు ఎవనివైపు తిరుగునో వాడే నాయకుడు. పేరు తరువాత వచ్చును.

షేన్ దుష్టుడని త్రోసివేయుట సులభము. కాని ఆ గుంపు బ్రతికియుండుటకు మొదటి కారణము వాడే. తాను నిలిపినదానిని మరియొకడు వచ్చి ఏలుచుండగా చూచువాని బాధ అబద్ధము కాదు. రెండవ భాగములో హెర్షెల్ అను వృద్ధుని వ్యవసాయ క్షేత్రమున వీరు తలదాచుకొందురు. గుంపులోని సోఫియా యను చిన్నపిల్ల తప్పిపోయినది. రిక్ దినములకొలది వెదకించును. అది వ్యర్థశ్రమ, పిల్ల చచ్చినదని షేన్ వాదించును. చివరకు షేన్ కోపముతో అక్కడి కొట్టపు తలుపులు పగులగొట్టగా, లోపల దాచియుంచిన జీవచ్ఛవములతో కూడ ఆ పిల్లయు జీవచ్ఛవమై నడచి వచ్చును. షేన్ లెక్క నిజమైనది. అయినను ఆ క్షణమున వానితోసహా అందరి తుపాకులును నిలిచిపోగా, ముందునకు నడచి ఆ భరింపరాని పని చేసినవాడు రిక్. లెక్క ఒప్పైనవాడు వేరు, ఆ లెక్క బరువు మోసినవాడు వేరు. గుంపు రెండవవానినే వెంబడించినది.

ఇంతటితో ఆగియుండినచో ఇది వీరపూజయే యగును. కథ అంతకంటె నిజాయితీ కలది. షేన్‌ను చంపవలసివచ్చిన రిక్, 2012లో వచ్చిన రెండవ భాగము చివర, ఇకమీదట ఓట్లు లేవు, నా మాటయే మాట అని గుంపునకు చాటును. చూచువారిలో చాలమంది ఆ ఘట్టమును మెచ్చుకొనిరి. విపత్తులో ఒక్కచేతి పెత్తనము హాయిగా తోచుట మానవ స్వభావము. కాని అంతకు కొంచెము ముందే డేల్ అను ముసలివాడు చచ్చెను. పట్టువడిన ఒక బందీని చంపరాదని, చంపినచో మనకును బయటివారికిని భేదమేమని గుంపుతో వాదించినవాడు డేల్. కాదను నోరు పోయిన వెంటనే పెత్తనము వచ్చినదన్నమాట. ఒక ఏడాది గడచిన పిదప 2013లో, శత్రువు చేతికి తమవారిలో ఒకతెను అప్పగించుటకు తాను లోలోపల ఒప్పుకొంటినని రిక్ అందరియెదుట చెప్పి, ఆ పెత్తనమును తిరిగి గుంపునకే ఇచ్చివేయును. తరువాతి భాగములో రిక్ మన్ను త్రవ్వి కూరగాయలు పండించుకొనుచుండగా ఒక సంఘము కూర్చుండి నిర్ణయములు చేయుచుండును. ఎదుట నిలిచిన ప్రత్యర్థి గవర్నరను పేరు పెట్టుకొన్నవాడు; చక్కని గోడలు, వెలుగు, వేడుకలు గల ఊరిని ఏలువాడు. యుద్ధములో ఓడి వెనుదిరిగిన తన జనమునే వాడు కాల్చి చంపును. రిక్ ఆ ఊరి ముసలివారిని, పిల్లలను తన చోటికి తెచ్చుకొనును. ఇద్దరు నాయకుల నడుమ ఇంతకంటె తీర్పు అక్కరలేదు.

తెలుగు బాలురకు శవము ప్రశ్నించుట క్రొత్త కాదు. పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరములోని బేతాళ కథలను చందమామ తరతరముల పిల్లలకు పరిచయము చేసినది. అందులో వీరవరుడను సేవకుని కథ యొకటి. రాజు ప్రాణము నిలుచుటకై వాడు కొడుకును బలియిచ్చును. కూతురును, భార్యయు చనిపోగా తానును తల నరుకుకొనును. చాటునుండి ఇదంతయు చూచిన శూద్రక మహారాజు, ఇట్టివారిని పోగొట్టుకొన్న నా బ్రతుకెందుకని కత్తి దూయును. దేవి కరుణించి అందరిని బ్రతికించును. వీరిలో ఎవడు గొప్పవాడని బేతాళుని ప్రశ్న. రాజే గొప్పయని విక్రమార్కుని జవాబు. సేవకుడు స్వామికై చచ్చుట లోకములో కలదు, స్వామి సేవకునికై చచ్చుటకు సిద్ధపడుట అరుదు. ఆ జవాబులో నేటివానికి నచ్చని ముక్క ఒకటున్నది. సేవకుని చావు వాని ధర్మమేనని తేలికగా తీసివేయుట న్యాయము కాదు. బలియైన ఆ కొడుకును ఎవరైన అడిగిరా? అడిగినట్లు తోచినను, తండ్రి మాట కాదను పిల్లవాడు ఆ కథలో పుట్టియుండడు. అయినను విధేయత పైకి మాత్రమే ప్రాకునది కాదు, క్రిందికిని దిగవలెనను ఎరుక ఆ పాత కథలో కలదు.

తెలుగులో జాంబీలు 2021లో ప్రశాంత్ వర్మ తీసిన 'జాంబీ రెడ్డి' చిత్రముతో అడుగుపెట్టిరి. కథాస్థలము కర్నూలు సీమ, నేపథ్యము ముఠాకక్షలు. చిత్రము నవ్వించుటకు తీసినదే గాని ఎన్నిక మాత్రము పదునైనది. ఎవని మనిషివని అడుగు చోట, ఎవని మనుష్యులును కాని శవములు వచ్చి పడినచో పాత విధేయతలేమగును? ఈ ప్రశ్నను చిత్రము ఇంకను లోతుగా త్రవ్వియుండవలసినది.

తుంగభద్రకు ఈవల, కృష్ణ దాటిన వెనుక, వనపర్తి జిల్లా ఆత్మకూరు ఉన్నది. అమరచింత సంస్థానమునకు అది రాజధాని. గద్వాల, వనపర్తి సంస్థానముల నడుమ తరతరములుగా కోటవైపు చూచి బ్రతికిన జనము అక్కడిది. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశములో కలిసెను. మరుసటి యేడు జాగీర్లు రద్దయ్యెను. 1952 ఎన్నికలలో పొరుగుననే వనపర్తి ప్రజలు ఒక పత్రికా సంపాదకుని, సురవరము ప్రతాపరెడ్డిని, శాసనసభకు పంపిరి. నాలుగేండ్లలో విధేయత నిలిచిన నేల అంతగా కదలినది. ఆ కదలికలో పేదవాని పాలికి వచ్చినదెంతయనునది వేరు మాట. ఏలయన కోట పోయినను కరవు పోలేదు.

కరవు పాలమూరు జనులను గుంపులుగా చేసి దేశము మీదికి పంపెను. దూరరాష్ట్రములలో ఆనకట్టలు, కాలువలు, రహదారులు వేయుటలో పాలమూరు కూలీల చెమట కలదు. ఆ గుంపునకు పెద్ద గుంపు మేస్త్రి. వాడు పరాయివాడు కాడు; ఒకనికి మామ, ఒకనికి బావ, ఒకనికి చిన్నాయన. అడ్వాన్సు వాని చేతిమీదుగా వచ్చును; పని చూపువాడు, దినుసు తెప్పించువాడు, జ్వరము వచ్చినప్పుడు ఆసుపత్రికి తీసికొనిపోవువాడు వాడే. లెక్క వ్రాయువాడును వాడే. ఇక్కడనే ముడి పడును. అప్పు తీరువరకు కాదనుటకు వీలులేని కూలి, హైతీ కథలోని ఆ నోరులేని పనివానికి ఎంత దూరము? 1976 నాటి చట్టము వెట్టిని నిషేధించెను. 1979 నాటి చట్టము పరరాష్ట్రమునకు కొనిపోబడు కూలికి పాసుబుక్కును, ప్రయాణపు ఖర్చును ఇయ్యవలెనని విధించెను. కాగితము మీది ఆ హక్కును నోటితో అడుగుటకు కూలికి కావలసినది ధైర్యము. మామ వరుసైనవానిని లెక్క అడుగుట ద్రోహమని ఎంచుచోట ఆ ధైర్యము పుట్టదు. లెక్క అడుగుట ద్రోహము కాదు. చెప్పగలిగిన మేస్త్రికి అది అవమానమును కాదు.

2020 మార్చి నెలాఖరున కరోనా వ్యాధి మూలమున దేశమంతటను రాకపోకలు నిలిపివేయగా, ఎన్నో రాష్ట్రముల కూలీలు గుంపులు కట్టి రహదారులపై ఇంటిదారి పట్టిరి. జాంబీ కథలలో కల్పించిన ఖాళీ రోడ్లు, మూతవడిన అంగళ్లు, మనిషిని చూచి మనిషి తొలగిపోవుట అన్నియు అప్పుడు నిజములయ్యెను. అట్టి బాటలో మేస్త్రి పెత్తనమునకు ఆధారమేమి? అడ్వాన్సు లెక్క అక్కడ చెల్లదు. హిందీ మాటాడగల కుర్రవాడు దారి అడుగుటకు నాయకుడగును. ఉన్న బియ్యమును ఎన్ని పూటలకు పంచవలెనో ఎరిగిన స్త్రీ వంటవేళ నాయకురాలగును. చంకబిడ్డతో నడచు తల్లి నడకయే గుంపు నడక కావలెను. లేనిచో అది గుంపు కాదు, ఒకే దారిని పోవు ఒంటరివారు మాత్రమే.

2022లో వచ్చిన 'ఆల్ ఆఫ్ అస్ ఆర్ డెడ్' అను కొరియా ధారావాహిక ఉపాధ్యాయులు చూడదగినది. చిన్న పిల్లలకు మాత్రము తగదు. కథ చాలవరకు ఒక ఉన్నత పాఠశాలలో జరుగును. తరగతి నాయకురాలు నమ్‌రా మొదట మార్కుల మూలమున నాయకురాలు, ఎవరితోను కలియదు. కరువబడి, సగము మనిషిగా మిగిలిన తరువాతనే ఆమెకు స్నేహితులు దొరుకుదురు. ఆమెను వెలివేయవలెనా ఉంచుకొనవలెనా యని వారు తర్కించి ఉంచుకొందురు. అదే కథలో తోటి విద్యార్థి చావునకు కారకురాలైన పిల్ల ఒకతె గదినుండి బయటికి పోవును. ఉపాధ్యాయురాలు మిగిలినవారిని విడిచి, ఆ తప్పుచేసిన పిల్ల వెంట పోవును. నిరపరాధులైన పిల్లలను విడిచిపోవుట ధర్మమా? ఉపాధ్యాయవర్గమునకు ఈ ప్రశ్న విడిచిపెట్టదగినది. జవాబు ఒక్కటే ఉండనక్కరలేదు.

తరగతి నాయకుని ఎన్నుకొను పద్ధతిని గూర్చి మాత్రము ఒక మాట చెప్పవచ్చును. చాల బడులలో మొదటి మార్కులవాడే నాయకుడు. ఒకసారి అయినవాడు ఏడాది పొడుగున నాయకుడు. మాటాడువారి పేర్లు బల్లమీద వ్రాయుటయే వాని రాజ్యాంగము. దానికి బదులు పిల్లలే ఎన్నుకొని, రెండు మూడు నెలలకొకసారి మార్చుకొనునట్లును, దిగిపోయినవాడు మరల బల్లమీద మామూలుగా కూర్చుండునట్లును చేయుట కష్టము కాదు. ఆత్మకూరు ప్రాంతపు బడులలో తల్లిదండ్రుల వెంట పనిచోట్లకు పోయి, నడిమి నెలలలో తిరిగివచ్చి వెనుక బెంచీలో కూర్చుండు పిల్లలు కలరు. గుడారములలో నీళ్లు ఎట్లు పంచుకొందురో, పోట్లాట ఎవరి మాటతో ఆగునో, లెక్క తప్పిన మేస్త్రిని ఏమని అడుగుదురో వారికి తెలియును. ఈసారి ఎన్నికలో వారి పేరొకటి ఎవరైన ప్రతిపాదింతురేమో ఉపాధ్యాయులు వేచి చూడవచ్చును.