లెక్క మనది, తాళం ఎవరిది?

దొర లెక్కల పుస్తకంలో మన తాతల అప్పు ఏనాడూ తీరలేదు. రాసింది వాడు, వేలిముద్ర వేసింది మనం. ఇవాళ వాడల్లో చెప్పుల దుకాణం, టెంటుహౌసు, కుట్టుమిషన్ల షెడ్డు మనోళ్లవి. లెక్కా మనదే. కానీ ఆ లెక్క ఎక్కడుంది? ఒక్క సెల్‌ఫోన్లో!

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. సరుకు పోతే కష్టపడి మళ్లీ తెచ్చుకుంటాం. బాకీల చిట్టా పోతే బాకీ ఎవడు ఒప్పుకుంటాడు? బ్యాంకుకెళ్తే పాత లెక్కలు చూపమంటారు. మనోడైతే ఇంకో కాగితం ఎక్కువే అడుగుతారు.

అందుకే నకలు క్లౌడులో పెట్టమంటున్నాం. క్లౌడంటే మబ్బేం కాదు, ఎక్కడో ఉన్న కంపెనీవాడి కంప్యూటరు. గూగుల్ ఖాతాకు 15 జీబీ దాకా ఉచితం. చిన్నకొట్టు లెక్కలకు ఎక్కువే. అయితే తిరకాసుంది. డ్రైవుతో జతకట్టిన ఫైలును ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. కాబట్టి నెలకోసారి పెన్‌డ్రైవులో ఇంకో నకలు తీసి వేరే ఇంట్లో దాచండి. కంపెనీవాడిని గుడ్డిగా నమ్మితే వాడూ దొరే.

పాస్‌వర్డు నెట్‌సెంటరు కుర్రాడి చేతిలో పెట్టిన అన్నలున్నారు. అది మళ్లీ తెల్లకాగితం మీద వేలిముద్ర వేయడమే! పాస్‌వర్డు మీరే పెట్టుకోండి, దాని మీద రెండో తాళంగా ఓటీపీ పెట్టండి, ఆ నంబరు ఎవడడిగినా చెప్పకండి. జిరాక్సు కొట్టు తమ్ముళ్లూ, జనం ఆధార్ నకళ్లు పని కాగానే చెరిపెయ్యండి.

వచ్చే సంఘం మీటింగుకు ఫోన్లు తెచ్చుకోండి. చదువుకున్న పిల్లలు పక్కన కూచోని నేర్పుతారు, నొక్కేది మాత్రం మీ వేలే.